గర్భవతి, బాలింత అయిన విద్యార్థినుల చదువు ఆగకుండా పాఠశాల ఏ ఏర్పాట్లు చేయాలి?

నేను ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా విద్యార్థినుల్లో ఒకమ్మాయి గర్భవతి. మరొకమ్మాయి ఇటీవలే ప్రసవించి, తిరిగి తరగతికి రావాలనుకుంటోంది. మా ప్రధానోపాధ్యాయులు సుముఖంగానే ఉన్నారు గానీ, రాతపూర్వకమైన విధానమేదీ లేకపోవడంతో ప్రతి విషయాన్నీ ఆ పూటకు ఎవరికి తోచినట్టు వారు తేల్చేస్తున్నారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు హాజరు. గర్భకాలంలో కనీసం 8 సార్లు వైద్య పరీక్షలు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. ఆ రోజులకు ప్రసవం తర్వాతి వారాలు కూడా కలిపి గైర్హాజరుగా లెక్కిస్తే, పరీక్ష రాసే అర్హతే పోవచ్చు. వాటిని వైద్య సెలవుగా నమోదు చేసి, తప్పిపోయిన పాఠాలకూ ప్రయోగాలకూ వేరే గడువు ఇస్తున్న పాఠశాలలు ఆ నిబంధనను ఏ మాటల్లో రాసుకున్నాయో దయచేసి తెలుపగలరు.

రెండోది తల్లిపాలు. మొదటి 6 నెలలు బిడ్డకు తల్లిపాలే పట్టాలంటే, ఆ అమ్మాయి బడి వేళల్లోనూ కొన్ని గంటలకోసారి పాలు పిండుకోక తప్పదు. అందుకు లోపల గడియ ఉన్న గది, కుర్చీ, చేతులు కడుక్కునే కుళాయి, ఫ్రిజ్ కావాలి. (మరుగుదొడ్డిలో సర్దుకోమని ఒకరు సలహా ఇచ్చారు, అది నాకు ససేమిరా సమ్మతం కాదు.) ఈ విరామాలను కాలపట్టికలో ఎలా ఇమిడ్చారు?

విషయం సిబ్బందిలో ఎందరికి తెలియాలి, ఆ నిర్ణయం విద్యార్థినికే వదిలేయవచ్చా? తండ్రి అయిన విద్యార్థికి కూడా ఇటువంటి వెసులుబాటు ఎక్కడైనా ఇస్తున్నారా?