ముద్ర లేని ఎల్లో వేర్ (పసుపు బంకమట్టితో చేసిన పాత్రల రకం) గిన్నె పాతదో కాదో తెలుసుకోవడం ఎలా?

ఒహాయోవాసి:
ఒహాయోలోని ఈస్ట్ లివర్‌పూల్ సమీపంలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామాను మొత్తం అమ్మేచోట) తెల్లని పట్టీలున్న పసుపురంగు మిక్సింగ్ బౌల్ కొన్నాను. అడుగున తయారీదారు ముద్ర ఏదీ లేదు. పాతదేనని అమ్మినవారు అన్నారు కానీ, ఏ ఆధారంతో నమ్మాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

పాతపింగాణీ:
ముద్ర లేదని దిగులు పడకండి, ఎల్లో వేర్‌లో అధికభాగం ముద్ర లేకుండానే అమ్ముడుపోయింది. గిన్నెను బోర్లించి, పూత అంటని అడుగు అంచును పగటి వెలుగులో చూడండి. పసుపు మట్టిలోనే ఉండాలి. కాలిన తరువాత లేత గడ్డిరంగు నుండి ఆవపొడి రంగు వరకు తేలే బంకమట్టి అది, దానిపైని పూత దాదాపు రంగులేనిది. పెచ్చు ఊడినచోట తెల్లగా కనిపిస్తే, తెల్లమట్టికి పసుపు పూత పూసిన వేరే సరుకని అర్థం. ఒహాయో నదీతీరంలో ఇటువంటి మట్టి దొరకడం వల్లనే, 1839లో అక్కడికి చేరిన జేమ్స్ బెనెట్ అనే ఇంగ్లండు కుమ్మరి ఈస్ట్ లివర్‌పూల్‌లో పని ప్రారంభించాడు. ఇక పట్టీలు పలుచని మట్టిద్రవంతో వేసినవి కనుక, వేలితో తడిమితే కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతాయి. అడుగున కూడా పూత ఉంటే, బట్టీలో అంటుకోకుండా పెట్టిన ఆధారం వదిలిన చిన్న గరుకు మచ్చల కోసం వెతకండి.

జెర్సీసిటీ_సేకర్త:
పై మాటలకు ఒక సవరణ. మట్టి పసుపుగా ఉన్నంత మాత్రాన పాతదని చెప్పలేము. ఇంగ్లండుకు చెందిన మేసన్ క్యాష్ అనే పాత్రల సంస్థ పేరుతో వజ్రాకారపు ఉబ్బు నమూనా గల గిన్నెలు నేటికీ అమ్ముతున్నారు. అందుచేత నేను అరుగుదలనే ఎక్కువగా నమ్ముతాను. ఏళ్ల తరబడి బల్లమీద రాపిడి పడిన అడుగు నునుపెక్కుతుంది, లోపల గరిటె గీతలు అడ్డదిడ్డంగా ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దిన గీతలైతే ఒకే దిశలో సాగుతాయి. అతినీలలోహిత దీపం కింద తరువాత అతికించిన భాగం తరచుగా వేరే రంగులో మెరుస్తుంది. డబ్బు పెట్టదలిస్తే మోకా నమూనా వెతకండి. తడి మట్టిద్రవంపై పొగాకు కషాయం వంటి ఆమ్లద్రవం చుక్క వేస్తే, అది చెట్టుకొమ్మల్లా పాకి ఏర్పడే చిత్రమది. ఏ రెండూ ఒకేలా ఉండవు, నా దృష్టిలో అసలు అందం అక్కడే ఉంది.

డాలస్_వంటిల్లు:
ఇందులో పులిహోర కలుపుకోవచ్చా?

పాతపింగాణీ:
వద్దండీ. పాత పూతలలో చాలావాటికి సీసం కలిపేవారు. చింతపండు, నిమ్మరసం వంటి పులుపు తగిలితే, ముఖ్యంగా పూత నెర్రెలిచ్చినచోట, ఆ సీసం ఆహారంలోకి దిగుతుంది. ఇంట్లో చేసుకునే పరీక్షలో సీసం కనిపించకపోయినా అది లేదని నిర్ధారణ కాదు కనుక, అలమారలో ఉంచుకోవడమే మేలు.