ప్రయోగాత్మక సంగీత, కళోత్సవం హైదరాబాదులో ఏటా జరగాలా? దానికి ప్రజాధనం వెచ్చించవచ్చునా?

బంజారా శ్రోత:
ఏటా జరగాలనీ, ఖర్చులో కొంత ప్రభుత్వమే భరించాలనీ నా ప్రతిపాదన. జర్మనీలోని డొనౌఎషింగెన్ అనే చిన్న ఊళ్లో 1921లో మొదలైన ఇటువంటి ఉత్సవం నేటికీ నిలిచి ఉన్నదంటే, అక్కడి ప్రజా ప్రసార సంస్థ స్వరకర్తలకు పారితోషికమిచ్చి కొత్త రచనలు చేయించి, వాటిని తన వాద్యబృందం చేత వాయింపజేయడం అందుకు ముఖ్యకారణం. మన నగరానికి ఆ పాటి శక్తి లేదా?

వెనుక వరుస:
పోలిక నాకు రుచించలేదు. రవీంద్రభారతిలో ప్రవేశం ఉచితమైన కచేరీలకు సైతం, సన్మానం ముగియగానే ముందు వరుసలు ఖాళీ అవుతాయి. (శాలువాకున్న ఆదరణ పాటకు లేదు.) ఒగ్గుకథ చెప్పేవారూ జమిడిక వాయించేవారూ బతుకుతెరువు వెతుక్కుంటుండగా, ల్యాప్‌టాప్ ముందు కూర్చొని గరగర శబ్దాలు చేసేవారికి ప్రజల సొమ్ము ఇవ్వడం ఏం న్యాయం?

మృదంగ శిష్యుడు:
‘గరగర’ అన్న మాట తొందరపాటు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగే స్వరాలతో మహతి, లవంగి అనే రాగాలు కల్పిస్తే, అవసలు రాగాలేనా అన్న వాదం రేగింది. ఇప్పుడు వాటిని విని చెవులు మూసుకునేవారెవరూ లేరు. కొత్తది చెవికెక్కాలంటే మళ్లీ మళ్లీ వినబడాలి. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ‘మూగ్’ సింథసైజర్‌తో (విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే వాద్యం) ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో నెలకొల్పగా, అక్కడ మనవాళ్లు చేసిన రచనలు దశాబ్దాల పాటు టేపుల్లోనే మూలుగుతూ ఉండిపోయాయి. ఏటా వినిపించే వేదిక ఒకటి ఉండి ఉంటే ఆ గతి పట్టేది కాదని నా నమ్మకం.

గోల్కొండవాసి:
వేదిక కోసం వెతకడమెందుకు? ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే సుమారు కిలోమీటరు దూరాన, కొండపైనున్న బాలా హిస్సార్‌లో వినబడే గోల్కొండ కోట మన దగ్గరే ఉన్నది. డోలు బృందాన్ని కింద, శ్రోతలను పైన ఉంచి, మధ్యనున్న ఆ దూరాన్నే రచనలో భాగం చేయవచ్చు. పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం కనుక అనుమతి తేలిక కాదు; పైగా రాత్రి 10 గంటల తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లతో పాటు వాద్యాలకూ నిషేధమే కనుక ఆలోపే ముగించాలి.

వెనుక వరుస:
ఈ ఊహ నన్ను కదిలించింది, కానీ డోలు వాయించేవారిని అలంకారం కోసం పిలిచి, భోజనం పెట్టి పంపిస్తారేమోనన్న భయం పోలేదు. స్వరకర్తతో సమానంగా పారితోషికం, సాధన చేసిన రోజులన్నిటికీ కూలి, ఆహ్వానపత్రికలో సహరచయితలుగా పేర్లు ఉంటాయని రాసిస్తే ప్రజాధనంపై నా అభ్యంతరం వదులుకుంటాను. ‘ఏటా’ మాత్రం ఒప్పుకోను. 2012లో మొదలైన కొచ్చి బినాలే కళాప్రదర్శన లాగా రెండేళ్లకొకసారి చాలు.

బంజారా శ్రోత:
షరతులన్నీ సమ్మతమే. అయితే బినాలేలో బొమ్మ నెలల తరబడి గోడమీద ఉంటుంది, చూడనివారు మరునాడు వెళ్లవచ్చు. శబ్దం ఆ సాయంత్రంతోనే సరి, రెండేళ్లలో చెవి మళ్లీ మొదటికొస్తుంది. కనుక ఏటా జరుపుదాం, చిన్నదిగా జరుపుదాం: మూడు రోజులు, నాలుగే కొత్త రచనలు, వాటిలో రెండు ఇక్కడి వాద్యకారులతో కలిసి చేసినవి. శాలువాలు ఉండవు.