షుగర్ పేషెంట్ల కిడ్నీలకు గలిజేరు కషాయం: వాడొచ్చా?

వేపచెట్టు: అమ్మకు పన్నెండేళ్లుగా షుగర్. ఈసారి యూరిన్ ఆల్బుమిన్ (మూత్రంలో పోయే ప్రోటీన్) 180 వచ్చింది, 30 లోపు ఉండాలట. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ మాత్రం 1.1. డాక్టర్ డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర రాశారు. దాంతోపాటు గలిజేరు కషాయం ఇద్దామనుకుంటున్నా. పసుపులోని కర్కుమిన్, మానుపసుపులోని బెర్బెరిన్ ఎలుకల కిడ్నీలను కాపాడాయని చదివాను.

డయాలసిస్_టెక్: ఎలుకల వరకు నిజమే. డాపా సంగతి వేరు. 2020లో 4,304 మంది కిడ్నీ పేషెంట్ల మీద ట్రయల్ ఫలితాలొచ్చాయి. కిడ్నీ బాగా దెబ్బతినడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో చనిపోవడం కలిపి చూస్తే ముప్పు 39 శాతం తగ్గింది. కషాయానికి అలాంటి రుజువు చూపించండి.

గోదారిగట్టు: ఆ డాపా ఎక్కడిదండీ? 1835లో ఆపిల్ చెట్టు బెరడులో దొరికిన ఫ్లోరిజినే కదా దానికి మూలం! మొక్క మందు మింగుతూ మొక్కలను తిట్టడమేంటి?

డయాలసిస్_టెక్: ఫ్లోరిజిన్ చాలావరకు పేగులోనే విరిగిపోతుంది సార్. కిడ్నీ దాకా చేరేలా మార్చాకే మందైంది.

గోదారిగట్టు: అంటే మొక్కదేనని ఒప్పుకున్నట్టేగా.

సిక్కోలు_చిన్నోడు: ముందు ఏ ఆకో చూసుకోండి. గలిజేరు, అటికమామిడి రెండింటినీ పునర్నవ అనే అమ్ముతారు. గలిజేరులో ఆక్సలేట్ అనే లవణం ఎక్కువ, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మంచిది కాదు.

గోదారిగట్టు: మా అమ్మమ్మ పప్పులో వేసి వండేది. ఎవరికీ ఏం కాలేదు.

డయాలసిస్_టెక్: మా నాన్నకు అయింది. బీపీ మాత్ర మానేసి ఎనిమిది నెలలు ఏదో పొడి తిన్నారు. డబ్బా మీద పేరు కూడా లేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు ఆయన చేతికి నేనే సూది గుచ్చుతున్నా. నాకు అమ్మమ్మ పప్పు గురించి చెప్పకండి.

గోదారిగట్టు: మరి నా గోడు ఎవరికి చెప్పుకోవాలి? మా ఆవిడను తొమ్మిదేళ్లు ఒకే డాక్టర్ చూశారు. ఒక్కసారి కూడా యూరిన్ టెస్ట్ రాయలేదు. కాళ్లు వాచాకే తెలిసింది. నాటువైద్యుడు అరగంట కూర్చోబెట్టుకుని ఏం తింటుందో, నిద్ర పడుతుందో లేదో అడిగాడు. తొమ్మిదేళ్లలో ఆమెను అలా అడిగినవాడు ఆయనొక్కడే.

డయాలసిస్_టెక్: పొడిలో ఏముందో చెప్పాడా? మళ్లీ క్రియాటినిన్ చూపించమన్నాడా?

గోదారిగట్టు: లేదు. మేమూ అడగలేదు. ఆయన మాట్లాడిన తీరుకే నమ్మేశాం.

డయాలసిస్_టెక్: నాన్న కూడా అదే అన్నారు.

వేపచెట్టు: మాత్ర రేపు మొదలుపెడుతున్నాం. కషాయం ఆపాను. ఆకును కవర్లో వేసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తా. ఆయన తల ఎత్తకపోయినా అడుగుతా.