అప్‌డేట్: హెవీ లైసెన్స్ ట్రైనింగ్, లోకల్ స్కూలా మండెపల్లా?

మా తమ్ముడి లారీ లైసెన్స్ కోసం హనుమకొండలో లోకల్ స్కూల్ మంచిదా, సిరిసిల్ల దగ్గర మండెపల్లి డ్రైవింగ్ ట్రైనింగ్ సెంటర్ మంచిదా అని అడిగిన. మండెపల్లికే పంపినం. జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా: "ఫీజు తర్వాత, స్టీరింగ్ మీద ఎన్ని గంటలో అడుగు." లోకల్ స్కూళ్లలో ఒక్క బండి మీద నలుగురైదుగురు కూర్చుంటే చేతికొచ్చేది తక్కువే. రివర్స్, ఎయిర్ బ్రేక్ (గాలి ప్రెషర్‌తో పనిచేసే బ్రేక్) నేర్చుకునుడు అక్కడే దెబ్బతింటది. గాలి ప్రెషర్ ఎక్కకముందే బండి కదిలించబోతరు. ప్రెషర్ తక్కువుందని మోగే బజర్ ఆగేదాకా ఆగాలె. దిగుడులో బ్రేక్ పెడల్ తొక్కుతూ పోతే బ్రేక్ లైనర్లు కాలి బ్రేక్ పట్టదు. చిన్న గేరు, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించేది) వాడాలె.

ఎల్ఎల్ఆర్‌కు (లెర్నర్ లైసెన్స్‌కు) ముందు చూడాల్సింది ఎల్ఎంవీ (కారు లాంటి చిన్న బండ్ల) లైసెన్స్ తేదీ: ఏడాది నిండాలె, వయసు 20 దాటాలె. ఫారం 1ఏ మెడికల్, టెస్టుకు స్కూలిచ్చే ఫారం 5 (ట్రైనింగ్ సర్టిఫికెట్) తప్పనిసరి. ఎల్ఎల్ఆర్ వచ్చి 30 రోజులు నిండినంకనే టెస్టు.

ఎనిమిదో తరగతి మెమో గొడవ అనవసరం, ఎనిమిది పాసై ఉండాలనే రూల్ 2019లోనే తీసేసిన్రు. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికైతే ఎల్ఎంవీయే చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ట్రాలీ ఆటో, పికప్ నడిపేటోళ్లకు ఈ తిప్పలే లేదు.