టీ రంగు వేసిన కాగితం మీద సిరా పాకుతోంది, ఏం చేయాలి?

నాటకంలో కనిపించే పాత డైరీ కోసం 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాముల బరువు) తెల్ల కాగితాలకు టీ రంగు పట్టిస్తున్నాను. లీటరు నీళ్ళలో ఆరు చెంచాల టీపొడి వేసి పది నిమిషాలు మరిగించి, వడకట్టి, చల్లారాక ట్రేలో ఒక్కో కాగితాన్ని రెండు నిమిషాలు ఉంచుతున్నాను. రంగుకు వంక లేదు. ఇన్‌స్టంట్ కాఫీ చిక్కగా కలిపితే ఆరాక జిగురు తేలి పేజీలు అంటుకుంటాయి, అందుకే దాని జోలికి పోలేదు.

చిక్కంతా రాతతోనే. ఫౌంటెన్ పెన్ను పెట్టగానే గీత చుట్టూ సన్నటి వెంట్రుకల్లా సిరా పాకుతోంది, సున్నాలు పూడిపోతున్నాయి. నానినప్పుడు కాగితం పైపూత బలహీనపడి పీచు లేవడమే కారణమనుకుంటాను. ముందే రాసి ముంచుదామంటే మామూలు నీలి సిరా కరిగిపోతుంది. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకు ఆగుతుంది కానీ ఫౌంటెన్ పెన్నులో పోస్తే పాళీకి సిరా అందించే నాలుక మూసుకుపోతుంది, ముంచి రాసే పాళీ కావాలి.

100 మిల్లీలీటర్ల వేడినీళ్ళకు రెండు గ్రాముల జెలటిన్ కరిగించి, రంగు ఆరాక బ్రష్‌తో పల్చగా పూస్తే సిరా నిలుస్తుందా? ఆ తడికి టీ రంగు చెదిరి మరకలు పడతాయా? పూత స్టేజీ లైట్ల కింద మెరుస్తుందా?

అంచులు కొవ్వొత్తితో కాల్చమని మాత్రం చెప్పకండి. పాత పుస్తకాల అంచులు గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతాయి గానీ కాలిపోవు.