జూలియాలోంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడితే కాంటూర్ గ్రాఫు అడ్డం తిరుగుతోంది

ప్రశ్న:
నమస్కారం. లోహపు పలకలో వేడి ఎలా వ్యాపిస్తుందో లెక్కగట్టే ప్రోగ్రామును పైథాన్ నుంచి మరో ప్రోగ్రామింగ్ భాష అయిన జూలియాలోకి మార్చుకున్నాను. గ్రాఫులకు మాత్రం అలవాటైన పైథాన్ గ్రాఫుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌నే, దాన్ని జూలియా నుంచి పిలిచే పైప్లాట్ ప్యాకేజీ ద్వారా వాడుతున్నాను. ఎక్స్ దిశలో 80, వై దిశలో 50 బిందువులతో 80×50 మాత్రిక తయారుచేసి కాంటూర్ (సమాన విలువలను కలిపే గీతల గ్రాఫు) గీయమంటే, ఎక్స్ పొడవు 80 ఉండగా మాత్రికలో నిలువు వరుసలు 50 మాత్రమే ఉన్నాయంటూ ఎర్రర్ వస్తోంది. రెండు దిశల్లోనూ 60 బిందువులు పెట్టి చూస్తే ఎర్రర్ రాలేదు గానీ, ఎడమ అంచున ఉండాల్సిన వేడి కింది అంచున కనిపించింది. జూలియా మాత్రికను మెమరీలో నిలువు వరుసల క్రమంలోనూ, పైథాన్‌లో మాత్రికల కోసం వాడే నంపై లైబ్రరీ మామూలుగా అడ్డు వరుసల క్రమంలోనూ దాచుకోవడమే దీనికి కారణమా?

జవాబు 1:
కాదండీ. చాలామంది మొదట దాన్నే అనుమానిస్తారు, నేనూ ఒక పూటంతా అక్కడే వెతికాను. జూలియాకూ పైథాన్‌కూ మధ్య వంతెనగా పైప్లాట్ వాడుకునే పైకాల్ ప్యాకేజీ మీ మాత్రికను నంపైకి అప్పగించేటప్పుడు సంఖ్యలను కాపీ చేయదు. అదే మెమరీని చూపిస్తూ, ఒక అడ్డు వరుస నుంచి తర్వాతిదానికి ఎంత దూరం జరగాలో కూడా చెబుతుంది. అందువల్ల మీ మూడో అడ్డు వరుస, ఏడో నిలువు వరుసలోని విలువ అటువైపూ అక్కడే ఉంటుంది. అసలు తేడా కాంటూర్ పాటించే సంప్రదాయంలో ఉంది. అడ్డు వరుసలు వైకి, నిలువు వరుసలు ఎక్స్‌కి అన్న మ్యాట్‌ల్యాబ్ పద్ధతినే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా అనుసరిస్తుంది కాబట్టి, మీ లెక్కను పూర్తిగా పైథాన్‌లో రాసినా ఇదే ఎర్రర్ వచ్చేది. అడ్డు, నిలువు వరుసలను తారుమారు చేసే పర్మ్యూట్‌డిమ్స్ ఫంక్షన్‌తో మాత్రికను తిప్పి ఇవ్వండి, లేదా మొదటి నుంచే వై ముందు వచ్చేలా 50×80గా తయారుచేయండి. పరీక్షకు ఎప్పుడూ చదరపు మాత్రిక తీసుకోకండి, తప్పును అది నోరెత్తకుండా మింగేస్తుంది.

జవాబు 2:
పై జవాబు సరైనదే. మాత్రికను రంగుల బొమ్మగా చూపే ఇమ్‌షో వాడే పక్షంలో ఇంకొకటి గమనించాలి: అది మొదటి అడ్డు వరుసను పైభాగాన గీస్తుంది కనుక, మాత్రికను తిప్పిన తర్వాత కూడా ఆరిజిన్‌ను లోయర్ అని పేర్కొనకపోతే బొమ్మ తలకిందులవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు, 50×80తో సరిగ్గా వచ్చింది. అయితే ఇదే ప్రోగ్రాము మా ప్రయోగశాలలోని లినక్స్ యంత్రంలో, పైప్లాట్ లోడయ్యేటప్పుడే, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో కావలసిన వెర్షన్ లేదంటూ ఆగిపోతోంది.

జవాబు 3:
జూలియా తన వెంట తెచ్చుకున్న సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ ముందే లోడై ఉంటుంది. ఆ యంత్రంలోని పైథాన్ ప్యాకేజీలకు అంతకన్నా కొత్తది కావలసి వచ్చినప్పుడు ఇలా జరుగుతుంది. పైథాన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఖాళీగా ఉంచి, పైకాల్‌ను మళ్లీ బిల్డ్ చేసి, జూలియాను మూసి తెరవండి. అప్పుడు పైకాల్, కోండా అనే ప్యాకేజీలను అమర్చే సాధనం ద్వారా సొంత పైథాన్‌ను అమర్చుకుంటుంది, మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను కూడా అందులోకే తెచ్చుకుంటుంది. పైకాల్ లాంటిదే అయిన పైథాన్‌కాల్ మీద నడిచే పైథాన్‌ప్లాట్‌కు మారడం రెండో దారి. కానీ మీరు ఒకే బొమ్మలో పక్కపక్కన రెండు గ్రాఫులు గీస్తుంటే జాగ్రత్త: పైప్లాట్‌లో ఆ గ్రాఫుల జాబితాలో లెక్క 1 నుంచి మొదలవుతుంది, పైథాన్‌ప్లాట్‌లో 0 నుంచి. పాత ప్రోగ్రామును మార్చకుండా నడిపితే, మొదటి గ్రాఫుకు ఉద్దేశించిన గీతలు ఏ ఎర్రరూ లేకుండా రెండోదానిలో పడతాయి.