చందా పైసలు బిల్డింగుకా, లైబ్రరీ నడపడానికా?

దేవరకొండ వాలంటీర్ (చర్చ మొదలు)

దేవరకొండ వైపు మా మండల కేంద్రంలో కొంతమందిమి కలిసి లైబ్రరీ నడుపుతున్నాం. పాత బస్టాండు దగ్గర ఒక కిరాయి షట్టర్. గోడవారగా ర్యాకులు, నడుమ రెండు పొడుగాటి బల్లలు, అంతే. పొద్దున్నే పేపర్ల కోసం పెద్దవాళ్లు వస్తారు. వాళ్లు లేచేసరికే గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు, డీఎస్సీకి చదివే పిల్లలు బ్యాగులతో బయట నిలబడి ఉంటారు. చోటు దొరకనివాళ్లు పక్క షాపు మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు. బాత్రూం లేదు.

ఊళ్లో ఒక పెద్దాయన రోడ్డు పక్కన రెండు గుంటల జాగ ఇస్తానన్నారు. దాంతో సొంత బిల్డింగ్ కోసం చందాలు మొదలుపెట్టాం. ఇప్పుడు కమిటీలోనే రెండు మాటలు వచ్చాయి. వచ్చిన పైసలతో వెంటనే ముగ్గు పోసి పిల్లర్లు లేపుదామని కొందరు. బిల్డింగ్ తర్వాత, ముందు పుస్తకాలు కొని, లైబ్రరీ చూసుకునే మనిషిని జీతానికి పెట్టుకుందామని కొందరు. నేను బిల్డింగ్ కావాలనేవాడిని. మీరేమంటారో మొహమాటం లేకుండా చెప్పండి.

రిటైర్డ్ సార్, నిడమనూరు

తమ్ముడూ, బిల్డింగుకు అడిగితే జనం ఇస్తారు, శిలాఫలకం మీద పేరు పడుతుంది కాబట్టి. రోజూ తాళం తీసే మనిషి జీతానికి అడిగి చూడు, ఎంతమంది ముందుకొస్తారో.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇలాగే మంచి బిల్డింగ్ కట్టారు. ఓపెనింగ్ ఘనంగా జరిగింది. తీసి కూర్చునే మనిషి లేక కొన్నాళ్లకు తాళం పడింది. తర్వాత అందులో వడ్ల బస్తాలు వేశారు. ఒకసారి లోపలికి వెళ్లి ర్యాకులోంచి ఒక డిక్షనరీ తీశాను. అట్ట గట్టిగానే ఉంది. తెరిస్తే లోపల కాగితం లేదు, చెదలు పెట్టిన మట్టే ఉంది. అది ఊళ్లోవాళ్ల చందా పైసలతో కొన్నదే.

లెక్క కూడా చెప్తాను. మనిషికి నెలకు ఎనిమిది వేలు ఇద్దామనుకో. ఏడాదికి 96,000 అవుతుంది. 7 శాతం వడ్డీ వస్తుందనుకున్నా, ఆ వడ్డీతోనే జీతం వెళ్లాలంటే బ్యాంకులో 14 లక్షలు డిపాజిట్ ఉండాలి. పేపర్ల బిల్లు, కరెంటు బిల్లు వేరే. ఆ 14 లక్షలు ముందు సంపాదించండి. బిల్డింగ్ ఎక్కడికీ పోదు.

నీలగిరి పాఠకుడు

సార్ మాటకు మన జిల్లా చరిత్రలోనే సాక్ష్యం ఉంది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది. దాన్ని పెట్టినవాళ్లలో ఒకరైన రావిచెట్టు రంగారావు గారు మన నల్గొండ జిల్లా దండంపల్లి వారు. ముందు ఆయన ఇంట్లోనే నడిచింది. సుల్తాన్ బజార్‌లో సొంత భవనం 1921కి గానీ రాలేదు. అంటే ఇరవై ఏళ్లు పాఠకులు, పుస్తకాలు ముందు నడిచాయి, గోడలు వెనక వచ్చాయి. నల్గొండలో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు 1922లో నీలగిరి పత్రిక పెట్టినప్పుడు కూడా చేతిలో ఉన్నది చదివించాలన్న పట్టుదలే. మీటింగు పెట్టుకోవాలన్నా నిజాం సర్కారు అనుమతి తీసుకోవాల్సిన కాలంలో మన పెద్దవాళ్లు లైబ్రరీలు నిలబెట్టారు. అద్దె గది అని మనం ఆగిపోవడం ఏమిటి?

గ్రూప్స్ అభ్యర్థి, అచ్చంపేట

పెద్దలు చెప్పిన చరిత్ర మీద నాకు గౌరవం ఉంది. కానీ ఎవరింట్లోనో నడిచే లైబ్రరీకి మా నాన్న నన్ను పంపడు సార్. మా ఊరి రీడింగ్ రూం కూడా కిరాయి గదే. పొద్దున ఎనిమిదింటికి వెళ్తాం. ఆడపిల్లలం ఎవరమూ నీళ్లు సరిగా తాగం, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో పన్నెండు దాటేసరికి తలనొప్పి మొదలవుతుంది, ఒక్కొక్కరుగా ఇంటికి వెళ్లిపోతాం. సాయంత్రం దాకా కూర్చునేది మగపిల్లలే. పరీక్ష మాత్రం అందరికీ ఒకటే.

మా అన్నలాంటివాళ్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటారు. పాలమూరు వైపు అమ్మానాన్నలు పని వెతుక్కుంటూ బొంబాయి, పూణే వెళ్లిన ఇళ్లలో తమ్ముళ్లను, ముసలివాళ్లను చూసుకుంటూ చదివే అమ్మాయిలు ఎంతోమంది. వాళ్లకు హైదరాబాద్ కుదరదు. ఊళ్లో తలుపు, ఫ్యాను, బాత్రూం ఉన్న గది ఒకటి కావాలి. ఓనరు ఖాళీ చేయమనగానే పుస్తకాలు ఆటోలో వేసుకుని తిరగని గది కావాలి. దయచేసి బిల్డింగును శిలాఫలకం కోసం కడుతున్నట్టు మాట్లాడొద్దు.

సివిల్ ఇంజినీర్, మిర్యాలగూడ

ఆ చెల్లె చెప్పింది నిజం. అందుకే ఎలా కడతారన్నది అడుగుతున్నాను. కింద షాపులు వేసి కిరాయికి ఇచ్చి, పైన లైబ్రరీ పెడదామని చాలా కమిటీల్లో అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ పుస్తకాల బరువు చిన్నది కాదు. ఇంటి స్లాబుకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లోడు లెక్కేస్తారు. పుస్తకాల ర్యాకులు నిండుగా ఉండే గదికి ఐఎస్ 875 (కట్టడాల మీద పడే లోడుకు మన దేశ ప్రమాణం) ప్రకారం 600 కిలోల దాకా, ర్యాకులు ఎత్తుగా ఉంటే ఇంకా ఎక్కువ. ఇల్లు కట్టే మేస్త్రీ అలవాటు ప్రకారం వేసిన పై స్లాబు మీద ర్యాకులు వరసగా పెడితే ప్రమాదమే. డిజైన్ చేయించకుండా ఇనుము ఆర్డరు ఇవ్వకండి.

నా సలహా: గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే కట్టండి. పునాది తీసినప్పుడే చెద మందు కొట్టించండి. ర్యాకులు గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచండి. వీల్‌ఛైర్ వెళ్లే ర్యాంపు, రెండు బాత్రూంలు మొదటి ప్లానులోనే ఉండాలి. తర్వాత కడదాం అనుకున్న బాత్రూంలు ఎప్పటికీ కట్టరు.

ఆడిట్ పని చేసేవాణ్ని, నల్గొండ

అందరూ ఇటుకల దగ్గరే ఉన్నారు, కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. జాగ ఇస్తానన్నారు అంటే నోటిమాటే కదా? సొసైటీ రిజిస్టర్ అయిందా? కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. గిఫ్ట్ డీడ్ సొసైటీ పేరు మీదే జరగాలి, కమిటీ ప్రెసిడెంట్ పేరు మీద కాదు. ఈసీ (ఆ భూమి మీద అప్పులు, అమ్మకాలు ఏమున్నాయో చూపే కాగితం) తీయించండి, జాగ ఇస్తానన్న పెద్దాయన పిల్లలతో కూడా మాట్లాడండి. అది వ్యవసాయ భూమి అయితే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్చడం) కాకుండా ముగ్గు పోయకండి. జాగ పేరు మారకముందే పిల్లర్లు లేపితే, రేపు తగాదా వచ్చినప్పుడు ఊరివాళ్ల చందా ఇంకొకరి భూమిలో ఉంటుంది.

ఆదాయపు పన్ను శాఖ దగ్గర చందాల అనుమతి (80జీ అని అలవాటైన పేరు) తీసుకుంటే పాత పన్ను పద్ధతిలో ఉన్న దాతలకు మినహాయింపు వస్తుంది, కానీ 2,000 దాటిన నగదు చందాకు రాదు. చెక్కో, ఆన్‌లైనో అడగండి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇండియా పాస్‌పోర్టుతో ఉండి తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల దగ్గర మాత్రం ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోవద్దు.

ఇంకో మాట. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. జిల్లా గ్రంథాలయ సంస్థను కనీసం పుస్తకాలైనా అడగండి. కోల్‌కతాలోని రాజా రామమోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ కూడా పుస్తకాలకు, భవనాలకు సాయం చేస్తుంది. దరఖాస్తు పెట్టడానికి సిగ్గు ఎందుకు?

దేవరకొండ వాలంటీర్

సొసైటీ రిజిస్ట్రేషన్ అయింది. గిఫ్ట్ డీడ్ కాలేదు, అది అయ్యేదాకా ముగ్గు పోయం. పై అంతస్తు ఆలోచన వదిలేస్తున్నాం. ఆదివారం కమిటీలో నేను పెట్టబోయేది ఇది: రెండు బ్యాంకు ఖాతాలు, ఒకటి కట్టడానికి, ఒకటి జీతం డిపాజిట్‌కు. వచ్చే ప్రతి చందాలో సగం సగం. డిపాజిట్ ఏడు లక్షలకు చేరాక స్లాబు వేద్దాం. మిగతా సగం జీతానికి నెలకు ఇంతని ఇచ్చేవాళ్లను ఊళ్లో వెతుకుదాం.

రిటైర్డ్ సార్, నిడమనూరు

నెలనెలా ఇస్తామన్నవాళ్లు ఆరు నెలలు ఇస్తారు. మొత్తం 14 లక్షలు పడేదాకా ఆగాలి.

గ్రూప్స్ అభ్యర్థి, అచ్చంపేట

అంతదాకా ఆగితే ఇప్పుడు మెట్ల మీద కూర్చున్నవాళ్లకు ఏజ్ లిమిట్ దాటిపోతుంది సార్.

రిటైర్డ్ సార్, నిడమనూరు

అమ్మా, నీ మాట కాదనను. డీడ్ కాగానే ఆ జాగలో బాత్రూంలు, ఒక రేకుల గది ముందు వేయమనండి, దానికి నా ఒక నెల పింఛను ఇస్తాను. స్లాబు విషయంలో మాత్రం నా మాట అదే. ఆదివారం మీటింగుకు వచ్చి అక్కడే చెప్తాను.